గోనె సంచులతో ఎనిమిది

మొన్న మా పిన్ని కొడుకు స్టేటస్‌లో కొత్త లైసెన్సు కార్డు ఫొటో పెట్టాడు. కింద మూడు మంట బొమ్మలు, ఒక కిరీటం. వాడు స్కూటరు స్టాండు వెయ్యాలంటే పక్కింటాయన్ని పిలిచే రకం. టెస్టులో కాలు దించకుండా బండితో ఎనిమిది అంకె వేశావా అని మెసేజ్ పెడితే, ఏజెంటు చూసుకున్నాడన్నా, నేను సంతకమే పెట్టాను అని పళ్ళికిలించే బొమ్మ పంపాడు. ఒళ్ళు మండి ఫోను మంచం మీదకి విసిరాను. అర నిమిషంలో నేనే వెళ్ళి తెచ్చుకున్నాననుకోండి, అది వేరే సంగతి. ఇరవై నాలుగేళ్ళకే జ్ఞాపకాలేమిటని పెద్దవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. నేను రాస్తున్నది మన వయసు వాళ్ళ కోసం.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక, విశాఖలో ఇంట్లో అందరి మీదా అరుస్తూ కూర్చున్న నన్ను అమ్మ భరించలేక అక్కుపల్లి దగ్గర మేనమామ ఇంటికి తోలేసింది. మావకి కొబ్బరితోట, కాస్త జీడిమామిడి, ఒక పాత మోపెడ్ ఉండేవి. ఆ ఊళ్ళో సిగ్నల్ రావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. దారి అంటే వట్టి ఇసక. బండి మీద పోయేవాళ్ళంతా రెండు కాళ్ళూ కిందకి వేలాడేసి, నావలో తెడ్డు వేస్తున్నట్టు ఇసకని నెట్టుకుంటూ పోయేవారు. అది చూసి నేను ట్యాంకు మెట్ల మీంచి వీడియోలు తీసి విశాఖలో ఫ్రెండ్సుకి పంపి నవ్వుకునేవాణ్ణి. మావ కూడా వాటిల్లో ఉన్నాడు.

అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. ఆటోలో పదిమంది మధ్య నలిగి వస్తే ఆవిడ దిగలేకపోయేది. అదే మోపెడ్ అయితే మావ వీపుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకునేది, ఆయన ఇల్లు చేరేదాకా ఒక్క గతుకులోనూ పడెయ్యకుండా తెచ్చేవాడు. పాతికేళ్ళుగా బండి తోలుతున్నా లైసెన్సు అనే వస్తువు ఒకటుందని ఆయనకి తట్టలేదు. పలాస పక్కనే కాశీబుగ్గలో కానిస్టేబులు రెండుసార్లు ఆపాక నా ఫోన్లోనే అప్లై చేసి ఎల్లెల్లార్, అదే బండి నేర్చుకునేవాళ్ళకిచ్చే ఆర్నెల్ల లైసెన్సు, తీయించాను. అది చూపిస్తే, దీని మీద వెనక మనిషిని ఎక్కించకూడదు, ఈసారి దొరికితే బండి స్టేషన్లోనే ఉంటుందన్నాడు ఆ మహానుభావుడు. అలా ఆరు నెలల గడువులో చివరి పదిరోజులు మిగిలేసరికి టెస్టుకి బయల్దేరాం. నా ఆధార్‌లోనూ ఆ ఊరి అడ్రసే ఉంది, లైసెన్సు నాకూ లేదు, అందుకని మావతో పాటే నేనూ ఎల్లెల్లార్ తీసుకుని ఉన్నాను.

టెస్టు గ్రౌండు ఎక్కడో చెప్పను. గేటు దగ్గర వేపచెట్టు కింద తెల్ల చొక్కా ఏజెంటు, చంకలో ఫైళ్ళు, చెవిలో పెన్ను, దేశాన్ని తనే నడుపుతున్నట్టు మొహం.

"ఏటి మావా, ఈ వయసులో ఎనిమిదులు, తొమ్మిదులు నీకెందుకు? ఆ సంతకం ఇక్కడెట్టీసి నీడన కూకో, నే సూసుకుంటాను" అన్నాడు మావతో.

మావ పెన్ను అందుకోబోయాడు కూడా. నేను ఫోన్లో వీడియో ఆన్ చేసి ఏజెంటు మొహం మీద పెట్టి, మాకు నీలాంటి వాళ్ళు అక్కర్లేదు, మా మావ న్యాయంగా వేస్తాడని పదిమంది వినేలా అరిచాను. ఎంత గొప్పగా ఫీలయ్యానో చెప్పలేను.

నేను అర నిమిషంలో ఎనిమిది వేసి పాసయ్యాను. తర్వాత మావ. మొదటి వంపులోనే ఎడమ కాలు కిందకి దిగింది. రెండో వంపులో రెండు కాళ్ళూ దిగాయి. సిమెంటు నేల మీద చెప్పులు ఈడ్చుకుంటూ, ఇసకలో పోతున్నట్టే పోయాడు. కాలు ఆనిస్తే ఫెయిలు. జనం ఈలలు వేశారు, అందరికంటే గట్టిగా ఏజెంటు. నేను అప్పటికే టీ బడ్డీ వైపు జరిగి ఫోనులో తల దూర్చేశాను.

"ఆ ముసిలోడు మీవోడేనా బాబూ?" అని టీ కాసే ఆవిడ అడిగింది.

కాదన్నాను.

మళ్ళీ వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారంతో ఎల్లెల్లార్ చచ్చిపోతుంది. దారిలో మావ నన్ను ఒక మాటన్నా బాగుండేది, తిరిగి అరవడానికి వీలుండేది.

అత్త ఆ సాయంత్రమే జీడిపిక్కలు ఆరబోసే కళ్ళంలో ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది వేసింది. మావ రోజూ దాని మీద తిరిగి కాళ్ళతో ముగ్గంతా చెరిపేసేవాడు, ఆవిడ మళ్ళీ వేసేది. నేను యూట్యూబు చూసి పాఠాలు చెప్పేవాణ్ణి, ఆయన బుద్ధిగా తలూపి మళ్ళీ కాలు దించేవాడు. ఇంత చిన్న విషయం బుర్రకెక్కదా అని నాకు అసహ్యం. శుక్రవారం ఆటోలో వెళ్ళొచ్చిన అత్త రెండు రోజులు మంచం దిగలేదు. మంగళవారం ఆటో గుమ్మంలోకి వస్తే, నేనెల్లనని గోడవైపు తిరిగి పడుకుంది. మావ బతిమాలాడు, నేను కసిరాను, ఆవిడ కదల్లేదు. ఆటో వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఉబ్బిన కాళ్ళతో అరుగు మీద కూర్చుని ఎనిమిది ఎన్నోసారో చెరిగిపోవడం చూస్తూ అత్త నన్ను పిలిచింది.

"ఒరే బావూ, నీ ఫోన్లో పాటాలు ఆపు. మీ మావ కాళీ బండి ఎప్పుడు తోలాడ్రా? పెళ్ళైన కాడ్నుంచీ సూత్తన్నాను. కొబ్బరికాయలు, కాకపోతే జీడిపిక్కలు, అవీ కాకపోతే నేను. బరువుంటే ఆయన కాలు దించడు. కాళీగుంటే బండి గాల్లోకెల్లిపోతాదని భయం."

అంటూనే లేచి, వద్దంటున్నా వినకుండా మోపెడ్ వెనక ఎక్కింది. మావ ముగ్గు మీద రెండుసార్లు తిరిగాడు. పిండి చెదరలేదు.

మర్నాడు రెండు గోనె సంచుల నిండా కొబ్బరికాయలు బండికి అటొకటి ఇటొకటి కట్టుకుని గ్రౌండుకి వెళ్ళాడు మావ. నేను వెనక బస్సులో వెళ్ళాను, సిగ్గుతో. బ్రేకు ఇనస్పెక్టరు కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"ఏటయ్యా, టెస్టుకొచ్చావా, సంతకొచ్చావా?"

"నా బతుకంతా ఇలాగే తోలేను బాబూ. ఇలాగే సూడండి. కాలు దిగితే పేరు కొట్టీండి."

"జాగర్త మావా, కాయలు రాలిపోతే ఏరుకోడానికి మేవున్నాంలే!" అన్నాడు ఏజెంటు.

మావ ఎనిమిది వేశాడు. కాయ కదల్లేదు, కాలు దిగలేదు. ఇనస్పెక్టరు నవ్వకుండా, ఒక సంచి దింపు, మళ్ళీ వెయ్యి అన్నాడు. కాస్త ఒరిగాడు గానీ వేశాడు. రెండోది కూడా దింపు అన్నాడు. ఈసారి ఈలలు లేవు. ఏజెంటుకి చూపించి కసి తీర్చుకుందామని నేను మొదట్నుంచీ వీడియో తీస్తూనే ఉన్నాను. ఖాళీ బండి మీద మావ మొదటి వంపు దాటాడు, రెండోది దాటాడు, ఆఖరి వంపులో ఎడమ కాలు దిగింది. చెప్పు అంచు సిమెంటుకి తగిలి లేచింది. తెరమీద నాకు స్పష్టంగా కనిపించింది. తలెత్తి చూస్తే ఇనస్పెక్టరు అప్పటికే కాగితం మీదకి వంగి ఏదో రాసుకుంటున్నాడు.

"పో. మీ ఆవిణ్ణి జాగర్తగా తీసుకెళ్ళు" అన్నాడు. ఆవిడ సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు. నేనైతే చెప్పలేదు.

ఆ వీడియో అక్కడే నిలబడి డిలీట్ చేసేశాను. న్యాయం, న్యాయం అని వారం క్రితం అదే గేటు దగ్గర గొంతు చించుకున్నవాణ్ణి నేనే.

తర్వాత రెండున్నరేళ్ళు బతికింది అత్త. ఆ రెండున్నరేళ్ళలో ఒక్క మంగళవారం గానీ శుక్రవారం గానీ మానలేదు. ఇప్పుడు ఆ ఊరికి సిమెంటు రోడ్డు వేశారు, ఇంట్లో కూర్చుంటేనే సిగ్నల్ వస్తుంది, మావ వారానికి రెండుసార్లు నాకు వీడియో కాల్ చేసి ఏం మాట్లాడాలో తెలీక తోట చూపిస్తుంటాడు. ఆ గ్రౌండులో వంపు వంపుకీ కెమెరాలు పెడతారట, చెప్పు అంచు తగిలినా పట్టేస్తాయట. పెట్టనివ్వండి, మా పిన్ని కొడుకులాంటి వెధవలకి అదే మందు. కానీ రేపు ఇంకెవరైనా రెండు గోనె సంచులు కట్టుకుని వస్తే, వాటిని ఒక్కొక్కటే దింపించి చూసే ఓపిక ఆ కెమెరాలకి ఎవరు నేర్పుతారో నాకు తెలీదు.