గుంతలో తిరిగిన చక్రం

పాత కారు సామాన్లు ఏరుకొచ్చి, ఇంటెనక షెడ్డులో నేనే కట్టుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారది. పత్తికొండ దారిలో ఎడమ చక్రం గుంతలో పడి లేచేసరికి, నేను తిప్పకుండానే కారు కుడికి లాగేసింది. ఎదురుగా టమాటా లారీ. పక్కనున్న నా భార్య భయంతో నా చెయ్యి పట్టుకునింది. వెంట్రుకవాసిలో తప్పింది. కారాపి కిందికి దిగి, "నువ్వు చెయ్యి లాగబట్టే ఇట్లయింది" అని ఆమె మీద అరిచినా.

మరుసటి రోజు కారును దిమ్మెల మీదికెత్తి, స్ప్రింగు తీసేసి, ఆ చక్రం పక్కన మా మగ్గం దారం బిగించి కట్టినా. జాకీతో చక్రాన్ని లేపేకొద్దీ దాని ముందంచు దారాన్ని వదిలి లోపలికి తిరగతాండాది. స్టీరింగ్ తాకినోళ్లు ఎవరూ లేరు. చక్రాన్ని మోసే ఆర్మూ, తిప్పే రాడ్డూ ఒకే తీరున లేయాల. మోకాళ్లకు తగుల్తాండాదని, ఆ రాడ్డును పట్టుకునుండే స్టీరింగ్ ర్యాకును రెండు వేళ్ల మందం పైకి బిగించింది నేనే. ర్యాకును మళ్లా కిందికి దించినా. ఈ తూరి చక్రం దారం వెంబడే లేచింది.

తప్పు నాదేనని చెప్పేకి నోరు రాలేదు. "సరిచేసినా, ఆ గుంత కాడికే పోయొద్దాం రా" అన్యా. ఆమె వచ్చి కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకునింది.