గెడ్డ దాటిన డోలీ

కార్తీకమాసంలో అరకు చూడాలన్నది మా రాజ్యం వదిన కోరిక. ఆవిడ మావారి అక్కగారు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఏలూరులో మా పక్క వీధిలోనే ఉంటుంది. సోమవారాలు, ఏకాదశులు, నోములు ఏదీ వదలదు. నేను దేవుణ్ణి నమ్మను. మా నాన్న నమ్మలేదు, ఆయన పెంపకంలో నాకూ ఆ అలవాటు కాలేదు. అయినా ఏ ప్రయాణమైనా మేమిద్దరం కలిసే వెళతాం. మగవాళ్ళు రామన్నారు. మేం బయల్దేరాం.

రాత్రికి విశాఖలో దిగి, స్టేషన్ దగ్గరే గది తీసుకుని, పొద్దున ఏడు కాకముందే అరకు మీదుగా వెళ్ళే కిరండోల్ పాసింజర్ ఎక్కాం. అద్దాల పెట్టెకి టికెట్లు అయిపోయాయి. అందులో వెళ్ళాలనుకునేవాళ్ళు బాగా ముందుగా చేయించుకోవాలి. మామూలు పెట్టెలో కిటికీ సీటు కావాలంటే రైలు రాకముందే ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. మేం నిలబడ్డాం, దొరికింది. వదిన తెచ్చిన పులిహోర నేను తిన్నాను. ఆ రోజు ఏకాదశని ఆవిడ పండు తిని ఊరుకుంది.

శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కుతుంది. వాయుగుండం పట్టి అప్పటికి రెండ్రోజులుగా వానలు. ప్రతి కొండ మీదనుంచీ తెల్లటి నీటిధార ఒకటి జారుతోంది. సొరంగంలోకి వెళ్ళగానే పెట్టె చీకటైపోయి పిల్లలు కేకలు పెడతారు. బయటపడగానే కాళ్ళ కింద నేలుండదు, లోయ ఉంటుంది. ఆ అడుగున మబ్బు, మబ్బు అడుగున ఎక్కడో ఊరు. సొరంగాలు లెక్కపెడదామని మొదలుపెట్టి మధ్యలో మానేశాను. లెక్క మీద ధ్యాస నిలవలేదు.

ఎదురు సీట్లో జామకాయల గంపతో కూర్చున్నావిడ మమ్మల్ని చూసి నవ్వింది. "నాను రోజూ ఎల్తానమ్మా ఈ రైల్లో. రోజూ సూత్తాను. కల్లు నిండవు" అంది.

వదిన కిటికీలోంచి చూస్తూనే, "ఇది చూసి కూడా దేవుడు లేడంటావా?" అంది.

"కొండలున్నాయంటాను."

"కొండల సంగతి వదిలెయ్. మనుషుల సంగతి చెప్పు. పైన ఒకడు చూస్తున్నాడన్న భయం లేకపోతే మనిషి మంచిగా ఉంటాడా? నువ్వు మా ఇంట్లో పడ్డావు గనక సరిపోయింది."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ చివరిమాట నాకు గుచ్చుకుంది. నా మంచితనం ఏదైనా ఉంటే అది వీళ్ళింటి పూజగదిలోంచి అరువు తెచ్చుకున్నదా అనిపించింది.

పదకొండు దాటాక అరకులో దిగాం. బజారుకి దగ్గర్లోనే గది దొరికింది. వేణ్ణీళ్ళు పొద్దున మాత్రమే బకెట్టుతో ఇస్తారు. మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని వలిసె పూల చేలు చూడటానికి వెళ్ళాం. వర్షం కాసేపు తెరిపిచ్చింది. కొండ మొదలు నుంచి రోడ్డు దాకా ఒకటే పసుపు. తడిసిన పువ్వుల మీద ఎండ పడగానే ఎదురుగా ఉన్న మనుషుల మొహాలు కూడా పచ్చగా కనిపించాయి. వదిన గట్టు మీద కూర్చుండిపోయింది, లేవనంది. చీకటి పడ్డాక బజార్లో బొంగు చికెన్ వాసన, చలి, వేడి కాఫీ. గదిలో ఇచ్చిన రగ్గులు చాలలేదు. మీరు వెళితే శాలువాలు పట్టుకెళ్ళండి.

మర్నాడు సోమవారం. ఎనిమిదింటికి పాడేరు వెళ్ళే సర్వీసు జీపు ఎక్కాం. డ్రైవరు పేరు అప్పలరాజు, పాతికేళ్ళు దాటినట్టుంటాడు. జీపులో మాతోపాటు సంతకి వెళ్ళేవాళ్ళు, వాళ్ళ పసుపు బస్తాలు. హుకుంపేట దాటిన కాసేపటికి అప్పలరాజుకి ఫోనొచ్చింది. మాట్లాడి, జీపు పక్కకి ఆపి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఓ మాట. ఈ కొండమీద ఊర్నుంచి ఓ అమ్మిని డోలీలో దింపుతున్నారంట. నిండు నెలలు, నొప్పులొచ్చీసాయి. అంబులెన్సు ఇంకో కేసు మీద సింతపల్లి ఏపు ఎల్లిపోనాదంట. మన బండి ఆపమంటన్నారు. మీకు లేటైపోద్ది. ఏటంటారు?"

"దానికి అడగడమేమిటి నాయనా, ఆపు" అంది వదిన.

ఆ మాట పూర్తికాకముందే సంతవాళ్ళు దిగి, బస్తాలు జీపు పైకి ఎక్కించి లోపల చోటు చెయ్యడం మొదలెట్టారు. వాళ్ళలో ఎవరికీ ఆ ఊరు సొంత ఊరు కాదని తర్వాత తెలిసింది.

పదిన్నర దాటినా ఎవరూ రాలేదు. సన్నగా చినుకు మొదలైంది. అప్పలరాజు కాసేపు అటూ ఇటూ తిరిగి, "గెడ్డ పొంగీసుంటాది" అని బస్తాలకి కట్టిన మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. గెడ్డ అంటే కొండవాగు. రోడ్డు మీంచి కాలిబాటలో కొంతదూరం పోతే వస్తుందన్నాడు. నేను అతని వెంట నడిచాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికే ఆలోచించే వదిన కూడా చెయ్యి పట్టుకోమని నా వెనకే వచ్చింది.

దారిలో అప్పలరాజు చెప్పాడు: "ఆ ఊర్లో సగం మంది సర్చికెల్తారు. సగం మంది కొండదేవతల్ని కొలుత్తారు. కిందటేడు ఓ మనిసి సచ్చిపోనాడు. ఎక్కడ పాతాల, ఎలా పాతాల అని తగువొచ్చీసింది. అప్పట్నుంచి ఒకలింట్లో ఒకలు మంచినీల్లు తాగరు."

"మరి ఈ అమ్మాయి?"

"సర్చోల్ల కోడలు. సిలకమ్మని."

గెడ్డ ఎర్రగా, చప్పుడు చేస్తూ పారుతోంది. అవతలి గట్టున పది పదిహేనుమంది. లావాటి వెదురుకర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పిన డోలీ రాతిమీద దించి ఉంది. పక్కన ప్యాంటు మడిచి నిలబడ్డ కుర్రవాడు చర్చి పాస్టరు. తలపాగా చుట్టుకున్న ముసలాయన దిసారి. ఆ ఊరికి ముహూర్తాలు పెట్టేదీ, దేవతలకి కోడిని కోసేదీ ఆయనేనట. వాళ్ళిద్దరికీ ముందు, అప్పటికే నడుంలోతు నీళ్ళలో దిగి కాలితో రాళ్ళు తడుముతున్న పొడుగాటి మనిషి ఇంకొకడు.

"సోమన్న" అన్నాడు అప్పలరాజు. "ఆడు ఎటూ ఎల్లడు. గుడీ లేదు, సర్చీ లేదు. దేనికీ మొక్కడు."

అప్పలరాజు మోకు విసిరాడు. సోమన్న దాన్ని నడుముకి కట్టుకున్నాడు. ఈ చివర మద్దిచెట్టుకి బిగించారు. ఆ తర్వాత జరిగింది నేను ఎంత చెప్పినా తక్కువే. ఎవరూ ఎవరికీ ఏమీ పురమాయించలేదు. మగవాళ్ళు నీళ్ళలో దిగి, భుజానికి భుజం ఆనించి, ప్రవాహానికి అడ్డంగా వరసకట్టారు. ఆ వరసలో చర్చివాళ్ళు ఎవరో, దేవతలవాళ్ళు ఎవరో నాకు తెలియలేదు. మనుషులే ఒక గోడయ్యారు. ఆ గోడ చాటున డోలీ దిగింది. కర్ర ముందు కొస సిలకమ్మ భర్తా పాస్టరూ, వెనక కొస దిసారీ ఆయన మనిషి ఒకడూ పట్టారు. కర్రని తలలపైకెత్తారు. పాస్టరు గొంతెత్తి ప్రార్థన చేస్తున్నాడు. దిసారి పెదవులు కూడా కదులుతున్నాయి, ఆయనకి తెలిసిన పేర్లేవో తలుచుకుంటున్నాడు. సోమన్న మాత్రం నోరు మెదపలేదు. పట్టా పక్కకి తొలగి, దుప్పట్లోంచి సిలకమ్మ మొహం కనిపించింది. కళ్ళు విప్పి, ఆకాశంకేసి కాదు, తనని మోస్తున్నవాళ్ళకేసి చూస్తోంది.

నడిగెడ్డలో దిసారి పక్క మనిషికి కాలు జారింది. డోలీ ఒరిగింది. పాస్టరు గొంతు ఆగిపోయింది. సోమన్న ఒక్క అంగలో కర్ర కిందికి దూరి భుజం పెట్టాడు. నీళ్ళు అతని గడ్డం దాకా వచ్చాయి. అలా నిలబడిపోయాడు. ఎంతసేపో చెప్పలేను. వానచినుకులు నీళ్ళ మీద పడటం, ఆ నలుగురి చేతులు మళ్ళీ కర్రని సర్దుకోవడం, సోమన్న మెడమీద నరాలు ఉబ్బటం, ఇవే గుర్తు. కొండలూ లోయలూ నిన్నంతా చూసి నోరు వెళ్ళబెట్టినదాన్ని. వాటికంటే పెద్దదాన్ని అక్కడ చూశాను.

డోలీ ఒడ్డెక్కింది. దాని వెనకే సిలకమ్మ అత్తగారినీ చెయ్యి పట్టి దాటించారు. తలపాగా పిండుకుంటున్న దిసారిని వదిన ఉండబట్టలేక అడిగింది. "మీకూ వాళ్ళకీ పడదట కదా, తాతా?"

"తగువు ఊర్లో ఉందమ్మా" అన్నాడాయన. "ఇది గెడ్డ."

జీపులో సిలకమ్మ తల వదిన ఒళ్ళో పెట్టుకుంది. ఒక పక్క వదిన విష్ణుసహస్రం, ఇంకో పక్క సిలకమ్మ అత్తగారి యేసు ప్రార్థన. సిలకమ్మ నా చెయ్యి పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా నా ఎముకలు విరుగుతాయేమో అన్నంత గట్టిగా నొక్కింది. నా దగ్గర ఆమెకి చెప్పడానికి మంత్రమేదీ లేదు. "ఉన్నాను తల్లీ, ఉన్నాను" అన్నాను పాడేరు దాకా. "బేగి పోనియ్యి బాబూ" అని అత్తగారు అంటుంటే అప్పలరాజు గుంతలు తప్పిస్తూ పోనిచ్చాడు. సిలకమ్మ భర్త ముందు సీట్లో కూర్చుంటే, సోమన్నా పాస్టరూ వెనక నిచ్చెన పట్టుకుని వేలాడుతూ వచ్చారు.

ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. మేం ఆవరణలో కూర్చున్నాం. మూడింటి వేళ నర్సు బయటికొచ్చి, "గుంట పుట్టింది. తల్లి బాగుంది" అంది. గుంట అంటే ఆడపిల్ల. అత్తగారు నేలమీద కూలబడి ఏడ్చింది. తర్వాత సంచిలోంచి సీసా తీసి రాగి అంబలి గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. వదినకీ ఇచ్చింది. ఆ రోజు కార్తీక సోమవారమన్న సంగతి వదిన ఎత్తలేదు. రెండు చేతులతో అందుకుని తాగింది.

గేటు బయట టీకొట్టు దగ్గర సోమన్నా పాస్టరూ నిలబడి ఉంటే వెళ్ళాను. సోమన్న భార్య కూడా ఐదారేళ్ళ కిందట కాన్పుకే, ఈ గెడ్డ దగ్గరే చనిపోయిందని పాస్టరు చెప్పాడు. అంతకుముందు సోమన్న దేవతలకి మొక్కాడు, తర్వాత కొన్నాళ్ళు చర్చికి వచ్చాడు, ఆ పైన రెండూ మానేశాడు. ఊళ్ళో ఎవరి డోలీ లేచినా మొదట వచ్చేది మాత్రం అతనే.

అడగకూడదేమో అనుకుంటూనే అడిగాను. "ఎందుకెళతావు సోమన్నా? దేవుడు చూస్తాడనీ లేదు, నీకు పుణ్యమనీ లేదు."

అతను మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"దేవుడు సూత్తాడో లేదో నాకు తెల్దమ్మా" అన్నాడు. "డోలీలోంచి ఆ మనిసి సూత్తంటాది గదా."

పాస్టరు తల వంచుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు, "నేను ప్రార్థన లేకుండా ఆ నీళ్ళలో దిగలేనండి. భయం. ప్రభువు పేరు పట్టుకుంటేనే నాకు కాళ్ళు ఆడతాయి. ఈ అన్న ఏం పట్టుకుని దిగుతాడో నాకిప్పటికీ అర్థం కాలేదు."

ఆ రాత్రి పాడేరులోనే ఉండిపోయాం. లాడ్జి మామూలుగా ఉంది, మనుషులు మంచివాళ్ళు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి పాపను చూశాం. వదిన తన శాలువా పాపకి చుట్టి వచ్చింది.

తొమ్మిదింటికి చోడవరం మీదుగా విశాఖ వెళ్ళే బస్సెక్కాం. ఘాట్ దిగుతుంటే ఎండ వచ్చింది. మలుపు మలుపుకీ కాఫీ తోటలు, వాటిమీద నీడనిచ్చే చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియం తీగలు మెరుస్తున్నాయి. మీరు ఆ దారిన వెళితే కిటికీ దగ్గర కూర్చోండి, నిద్రపోకండి. దూరాన ఏ కొండమీదైనా పొగ కనిపిస్తే అక్కడ ఊరుందని అర్థం. రోడ్డు అక్కడిదాకా పోదు. అక్కడినుంచి మనుషుల్ని మనుషులే దింపాలి.

మతం లేకుండా మనిషి మంచిగా బతకగలడా అంటే, బతగ్గలడని ఇప్పుడు నేను కళ్ళతో చూసి చెప్పగలను. కానీ గెలిచానన్న సంతోషం నాలో లేదు. పాస్టరు ప్రార్థనా, దిసారి పెదవుల కదలికా కూడా ఆ కర్రని మోశాయి. వాటిని తీసెయ్యమనడానికి నేనెవర్ని? ఆ మనుషులందర్నీ నీళ్ళలోకి దింపినది ఒకటుంది. దానికి పేరు పెట్టడం నాకు చేతకాదు.

పల్లం కనబడుతుండగా వదిన మెల్లగా అంది. "సోమన్న గడ్డందాకా మునిగినప్పుడు నువ్వు చేతులు జోడించావు సుజాతా. నేను చూశాను."

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. కానీ ఎవరికి జోడించి ఉంటానో తెలుసు.

"సోమన్నకే వదినా" అన్నాను.

వదిన కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"నేనూ ఆయనకే పెట్టాను దండం" అంది.