పొయ్యిమట్టి దగ్గర ఆగిన పడవ

మా పెద్దపిల్ల విశాఖపట్నంలో సముద్రం చదువు చదువుతుంది. సముద్రం అడుగున బురద తీసి చూస్తారట వాళ్లు. ఆ బురదలో మన గోదావరి మోసుకుపోయింది కూడా ఉంటుందట. అందుకని ఓడ ఎక్కే ముందు మన దగ్గరి గోదావరి బురద ఒక గొట్టం నిండా తెమ్మని వాళ్ల సారు పంపించాడు. చోటు నువ్వే చూసుకో, అది సరిగ్గా కుదిరితే ఓడ మీద పోయినప్పుడు బురద ఎక్కడ తియ్యాలో చోటు చూసే పని కూడా నీకే ఇస్తానన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్ల కాలు ఒక చోట నిలవలేదు.

తీరా మేం పడవ కట్టుకొని గోదావరిలోకి పోతే, మొదట గొట్టం దింపిన చోట ఇసుక తగిలింది. పైకి లాగేసరికి గొట్టం పగిలి అంతా జారిపోయింది. ఇక మిగిలింది ఇంకో గొట్టమే. పిల్ల మొహం చూడలేకపోయాను.

"ఇసుక లేని మట్టి నేను చూపిస్త పా బిడ్డా. గసొంటి మట్టి భద్రాచలం చుట్టుపక్కల ఏడ దొర్కదు" అన్నాను.

పడవ నడిపేవాడు నాకు తమ్ముడి వరస. "అక్క చెప్పినంక ఇగ తిరుగులేదు" అని పడవను వంపులోకి తిప్పాడు.

గ్యాసు వచ్చినా మా పెరళ్లలో కట్టెల పొయ్యి పోలేదు. పొయ్యి వేసే మట్టి కోసం ఎండాకాలంలో ఆడవాళ్లమంతా తట్టలు పట్టుకొని ఆ వంపుకే పోతాం. నల్లగా, పలుకు లేకుండా వెన్నలా ఉంటుంది. పిల్ల వేళ్ల మధ్య నలిపి చూసి మురిసిపోయింది. గొట్టం నిలబెట్టి, ఎందుకో ఆగింది.

"అమ్మా, ఈడ ఎవరన్నా తవ్వుతరా?"

"ఎవరన్నా ఏంది, ఊరంత తవ్వుతం! నేను పెండ్లయి వచ్చిన కాణ్నుంచి తవ్వుతున్న. వరదొచ్చి మళ్ల నింపుతది."

గొప్పగానే చెప్పాను. పిల్ల గొట్టం పక్కన పెట్టి పగలబడి నవ్వింది.

"ఒక వరద బురద మీద ఇంకో వరద బురద పొరలు పొరలుగ కదలకుండ ఉండాలమ్మా. అదే నాకు పుస్తకం. మీరేమో పేజీలు చింపి పొయ్యిలకు పూసిర్రు!"

"ఇంటికి పోయి మీ అమ్మ పొయ్యి చదువుకో మరి" అన్నాడు తమ్ముడు.

"కాదు మామా, ఎవ్వరు పోని చోటు చెప్పు."

ఒక చోట బర్రెలు, ఒక చోట వలలు, ఇంకో చోట ఇసుక ట్రాక్టర్లు. వాడు తల గోక్కున్నాడు.

"తుంగ ఎనక ఒక మడుగుంది. కంపు. బర్రె గూడ దిగదు."

"ఛీ! గా కంపులకు నా బిడ్డను తోలుకపోతవా?"

"అక్కడికే పోదాం" అంది పిల్ల.

పడవలోంచే గొట్టం మెల్లగా దింపారు. బుడగలు లేచాయి, మురిగిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. పిల్ల మాత్రం బిర్యానీ గిన్నె మూత తీసినట్టు గాలి పీల్చింది. ఆ వాసన ఉందంటే అడుగు బురదను ఎవరూ కదిపి ఉండరని ఆశట. గొట్టం బురదలోంచి ఊడిరాగానే భుజం దాకా నీళ్లలో చెయ్యి పెట్టి గొట్టానికి కింద మూత బిగించింది. పైకి తీస్తే, అద్దంలాంటి గొట్టంలో చీర అంచు గీతల్లా నలుపు, గోధుమ, మళ్లీ నలుపు!

ఫొటో తీసి సారుకు పంపింది. కాసేపటికి ఫోన్ మోగింది. విని, పడవలోనే ఎగిరింది.

"ఓడ మీద చోటు చూసేది నేనేనమ్మా!"

"మెల్లగ బిడ్డా, పడవ బోర్లపడితే ఓడ ఎక్కేదెట్ల?" అన్నాడు తమ్ముడు.

గొట్టం నా ఒళ్లో పెట్టి, వంచితే పొరలు కలుస్తాయి, రెండు చేతులతో నిలువుగా పట్టుకొమ్మంది. అట్లాగే పట్టుకున్నాను. ఒడ్డు చేరేదాకా ముక్కు మూసుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.