పెట్రోలు వాసన

మా ఆయన ముక్కు 2020లో పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఈ ఎడారి దేశంలో, కరామాలోని మా ఒక్క బెడ్‌రూం ఫ్లాట్‌లో రోజూ ఇంగువ పోపు వేయించి, గరిటె తీసుకెళ్ళి ఆయన ముక్కు దగ్గర పెట్టేదాన్ని. "వచ్చిందా?" అంటే తల అడ్డంగా ఊపేవారు. కర్పూరం, కాఫీ పొడి, మల్లెపూల సెంటు, చివరికి పక్కింటివాళ్ళ ఎండుచేపలు కూడా అయ్యాయి. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మా అత్తగారు ఊరికే అనరు. చాలాకాలానికి ఒకరోజు సాంబారు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, "అబ్బ, ఏం వాసనోయ్!" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆ సాయంత్రం పరమాన్నం వండాను.

ఆయన కారు పిచ్చి అంతకంటే పాతది. కాకినాడలో ఆయన చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక డాక్టరుగారికి పైకప్పు మడిచే బ్రిటిష్ కారు ఉండేదట. ముదురు ఆకుపచ్చ రంగు, ఇద్దరికే సీట్లు, గుండ్రటి లైట్లు, నేలకి రాసుకుంటుందా అన్నంత పొట్టిది. అది దొరలెక్కే కారు కాదనీ, వాళ్ళ దేశంలో గుమాస్తాలూ బడిపంతుళ్ళూ ముచ్చటపడి కొనుక్కున్న షికారు బండి అనీ ఆయన వాదన. ఒక ఆఫీసులో అకౌంట్లు రాసుకునే తనకీ దాని మీద హక్కుందన్నమాట! ఆ కారు మొరాయించినప్పుడల్లా వీధి పిల్లలు తోసేవాళ్ళు. తోసినవాళ్ళని డాక్టరుగారు వంతులవారీగా పక్కన కూర్చోబెట్టుకుని బీచి దాకా తిప్పేవారు. ఎండకి కాలిన తోలు సీటు, ఇంజనాయిలు, ఉప్పుగాలి, అన్నీ కలిసిన ఆ వాసన గురించి చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. నాకు ఒళ్ళు మండేది. నా గురించి ఏనాడూ అంత ఇదిగా చెప్పింది లేదు.

అల్ ఐన్ దగ్గర ఒక ఖర్జూరం తోటలో అలాంటిదే అమ్మకానికి ఉందని ఎవరో చెప్పారు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ముసలాయన దాన్ని షెడ్డులో పడేసి ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. మామూలు సెకండ్‌హ్యాండ్ కారు ధరకే ఇస్తానన్నాడు. మా ఆయన తలుపు తీసి, సీటు మీదకి వంగి, గుండె నిండా పీల్చి, "అదే వాసన" అన్నారు. నాకు దుమ్మూ ఎలుకలూ తప్ప ఇంకేమీ తగల్లేదు. పోన్లే, ఎవరి ముక్కు వాళ్ళది అనుకున్నాను.

రిపేర్లు చేయించి, పాసింగ్ పరీక్ష చేయించి, నంబరు ప్లేటు వేయించి, మా బిల్డింగ్ వెనక ఇసుక జాగాలో పెట్టారు. బండి ఇంటికొచ్చాక పూజ చెయ్యకుండా తిప్పడమేమిటి? కాకినాడ నుంచి అత్తగారు ఫోన్‌లో వీడియో పెట్టించుకుని కూర్చున్నారు. బానెట్ మీద పసుపు రాసి బొట్లు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. గాలికి ఆరిపోతుందని గుమ్మం చాటున కర్పూరం వెలిగించుకుని, పళ్ళెం పట్టుకుని కారు వైపు నడిచాను.

నాలుగడుగులు వేసేసరికి వాసన తగిలింది. ఇంకో అడుగుకి గొంతులో మంట పుట్టింది. బానెట్ కింద ఇసుక నల్లగా తడిసి ఉంది. వాచ్‌మన్ అప్పటికే మెడలోని గమ్చా ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరుగుతున్నాడు. మా ఆయన మాత్రం బానెట్ మీద చెయ్యేసి, ఫోన్ ఎత్తి పట్టుకుని నవ్వుతున్నారు.

"రావోయ్, అమ్మ చూస్తోంది."

"ఏవండీ, పెట్రోలు వాసన!"

"లేదే. నాకేం రావట్లేదే."

అప్పుడు నాకు తెలిసింది. చేతిలో కర్పూరం భగభగ మండుతోంది. గిరుక్కున తిరిగి గోడ దాకా పరిగెత్తి, పళ్ళెం కింద పెట్టి, పూజకని అక్కడ పెట్టుకున్న రాగి చెంబు దాని మీద బోర్లించేశాను.

"ఏమే! హారతి ఆర్పేశావా?" ఫోన్‌లోంచి అత్తగారు కేకేశారు. "దానంతటది కొండెక్కాలి గానీ అలా చంపేస్తారా? మొదటి హారతి దక్కని బండి ఊరుకోదే, బలి అడుగుతుంది!"

నేనలాంటివి నమ్మను. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

పైకొచ్చాక ఆయన్ని నిలదీశాను. ఆయన "అసలు రానేలేదు" అన్నారు.

"మరి సాంబారు?"

"నువ్వు అడగడం మానేస్తావని. లేదన్నప్పుడల్లా నీ ముఖం చూడలేకపోయేవాణ్ణి. ఈ కారెక్కితేనైనా తిరిగొస్తుందేమోనని ఆశపడ్డాను."

అన్నాళ్ళూ నా వంటని మెచ్చుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. రెండు రోజులు మాట్లాడలేదు.

షార్జా గరాజ్‌లో మెకానిక్ పగిలిన పెట్రోలు పైపులు తీసేసి కొత్తవి వేశాడు. "పురానీ గాడీ హై, భాభీ" అన్నాడు. పాత బండి కదా, ఈ ఎండలకి రబ్బరు మళ్ళీ పగులుతుందనీ, వాసన కాస్త తగిలినా తాళం తిప్పొద్దనీ చెప్పి, "నహీఁ తో ఖలాస్" అని, లేకపోతే అంతే అన్నట్టు చేతులు దులుపుకున్నాడు. అమ్మేద్దామన్నాను. ఆయన సరేనన్నారు గానీ, ఆ సరే విన్నాక నాకే అమ్మబుద్ధి కాలేదు. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చాం. నేను కిందికి దిగి, కారు చుట్టూ తిరిగి, వంగి వాసన చూసి సరే అంటేనే ఆయన తాళం తిప్పాలి.

చలికాలం ఆదివారం పొద్దున్నే పైకప్పు మడిచి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళం. "ఇప్పుడేం వాసన వస్తోంది చెప్పవోయ్" అనేవారు. నేను చెబుతుంటే డాక్టరుగారి పక్కన కూర్చున్నవాడిలా వినేవారు. నిజం చెప్పొద్దూ, నా పెళ్ళయ్యాక అంత బాగున్న రోజులు లేవు. ఒకసారి మళ్ళీ వాసన తగిలింది. మెకానిక్ వచ్చి చూసి, పైపు వేలితో వంచి చీలిక చూపించాడు. ఆ రాత్రి అత్తగారి మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

పోయిన చలికాలం నాకు జ్వరమొచ్చింది. తగ్గిన రోజున ఫిల్టర్ కాఫీ కలుపుకుంటే వేడినీళ్ళలా ఉంది. డబ్బాలో ముక్కు పెట్టి పీల్చాను. ఏమీ లేదు. దాచకుండా ఆయనకి చెప్పేశాను. ఆయన కిందికెళ్ళి కారుకి కవరు తొడిగి వచ్చారు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కాఫీ పొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టేవారు. "వచ్చిందా?" లేదంటే "ఫర్లేదులే, తొందరేముంది" అని నవ్వి, బాల్కనీలోకి వెళ్ళి ఆ కవరు కేసి చూస్తూ నిలబడేవారు. వారాలు గడిచాయి. ఆ నవ్వు చూడలేకపోయాను. సాంబారు ముందు ఆయన కళ్ళెందుకు మూసుకున్నారో నాకు పూర్తిగా అర్థమైంది.

ఒక ఆదివారం డబ్బా మూత తీశారు. "వచ్చింది" అన్నాను.

ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కిందికి పరిగెత్తి కవరు లాగేశారు. నేను వెళ్ళి ఎప్పటిలాగే చుట్టూ తిరిగాను. వాచ్‌మన్ ఊరెళ్ళాడు, అడగడానికి మనిషి లేడు. తెల్లవారుజామున కురిసిన మంచుకి ఇసుకంతా తడిగానే ఉంది, బానెట్ కింద ఉన్న తడి ఏ తడో చెప్పలేను. వంగి గట్టిగా పీల్చాను.

"ఏమైనా ఉందా?"

"ఏం లేదు, పదండి."

ఆయన పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆయనొక్కరినీ పంపే ధైర్యం నాకు లేదు. తాళం మీద చెయ్యేసి నా వైపు తిరిగారు.

"ఇప్పుడేం వాసన వస్తోంది చెప్పవోయ్."

"తోలు" అన్నాను. "ఎండకి కాలిన తోలు. ఇంజనాయిలు. కొంచెం ఉప్పుగాలి."

ఆయన తాళం తిప్పారు.