బొరియ మూసి వెళ్ళిన తల్లి

మా అత్తకు గొర్రెల గురించి తెలియని సంగతి లేదు. మందలో ఏ పొట్టేలును విత్తనానికి ఉంచాలన్నా అందరూ దాని కొమ్ములూ ఒడ్డూపొడుగూ చూసేవాళ్ళు. ఆమె మాత్రం దాని తల్లి ఏదని అడిగి, పోయి ఆ తల్లి పొదుగు చూసేది. పిల్లను దగ్గరికి రానివ్వని గొర్రె ఉంటే గోడకు అదిమిపట్టి, తిట్టి, బుజ్జగించి పాలిప్పించేది. మనుషులనూ ఆ లెక్కనే చూసేది. అందులో నేనూ ఉన్నాను.

పంతొమ్మిది వందల అరవైలలో, నా కూతురు అప్పుడప్పుడే బోర్లా పడుతున్న రోజుల్లో, నాకు పంతులమ్మ కొలువు దొరికింది. బడి కల్వకుర్తి దారిలోని ఒక ఊళ్ళో. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరడం. ఆ నెలలో చేరకపోతే కొలువు ఇంకొకరికి పోతుంది. మా అత్త ఒక్క మాటతో తేల్చేసింది.

"పాలు తాగే పిల్లనిడిచి పొద్దంతా పోయే తల్లిని గొర్లల్ల గూడ సూడలే."

మా ఆయన తల్లి ముందు నోరు విప్పే మనిషి కాదు. నా వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అంత కష్టపడి చదువుకుని, చివరికి గొర్రె కంటే తీసిపోయాను.

ఆ వారమే ఆయన పట్నం నుంచి తట్టలో తెల్ల కుందేళ్ళ జత తెచ్చాడు. నన్ను మంచి చేసుకోవడానికే అయి ఉంటుంది. కొలువు అడిగితే కుందేళ్ళు తెచ్చిన మొగుడు ఈ జిల్లాలో నాకొక్కదానికే ఉంటాడు.

వాటిని దొడ్డిలో వదిలాం. ఆడది వస్తూనే గడ్డివాము పక్కన నేల తవ్వడం మొదలుపెట్టింది. కడుపు మీది బొచ్చు నోటితో తానే పీక్కోసాగింది. "గజ్జి వట్టింది" అని మా అత్త దాన్ని పట్టుకుని కానుగ నూనె రుద్దింది. అది నూనె ఓడుతూనే పోయి మళ్ళీ తవ్వింది. ఒక పొద్దున చూస్తే బొరియ మూతికి మట్టి కప్పి ఉంది. మా అత్త చేత్తో తోడింది. లోపల ఆ బొచ్చు పరుపు మీద ఎర్రటి పిల్లలు, ఇంకా కళ్ళు తెరవలేదు. కడుపుతో ఉన్న గొర్రెను దూరం నుంచే గుర్తుపట్టే మా అత్త కుందేలు దగ్గర బోల్తా పడింది.

ఆ పొద్దంతా కుందేలు పిల్లల వైపే రాలేదు. అవతలి మూలన గరిక తింటూ, చెవులు దులుపుకుంటూ కూర్చుంది. మా అత్తకు కోపం నషాళానికి అంటింది.

"గిదేం తల్లి? కని పారేసి తిరుగుతాంది!"

తిట్టింది కుందేలును, చూసింది నన్ను. గొర్రెను పట్టినట్టే దాని కాళ్ళు ఒత్తిపట్టి, ఒక పిల్లను పొట్టకు చేర్చబోయింది. అది తన్ని ఆమె చెయ్యి మోచేతి దాకా గీరింది. చివరికి మేకపాలలో వత్తి ముంచి పిల్లల నోటికి అందించింది. ఒక్కటీ తాగలేదు. సాయంత్రం బొరియ మీద మట్టి కప్పేసి, "పొద్దటికి ఒక్కటి గూడ మిగులది" అని కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు చూసి నా కోపం సగం పోయింది.

తెల్లవారుజామున వాకిలి ఊడవడానికి లేచిన మా అత్త గుసగుసగా నన్ను పిలిచింది. కుందేలు మట్టి తోడి బొరియలో దూరుతోంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వాకిలి సగం ఊడ్చేంత సేపు కూడా పట్టలేదు. అది బయటికి వచ్చి, ముందరికాళ్ళతో మట్టి లాగి, మూతి కప్పి, అదిమి, మళ్ళీ గరిక దగ్గరికి పోయింది. మా అత్త గబగబా వెళ్ళి తోడింది. పిల్లల పొట్టలు బిగిసి ఉన్నాయి. పల్చటి తోలు కింద పాలు తెల్లగా కనిపించాయి.

ఒక్కో పొట్టనూ వేలితో తడిమింది. "పిల్లి గిట్ల వాసన వట్టకుండ దూరం దూరం తిరుగుతాంది గావచ్చు," అని తనలో తాను అనుకుంది. కుందేలు కప్పినట్టే మట్టి కప్పింది. మర్నాడూ లేచి అక్కడే నిలబడి చూసింది. ఆ పొద్దున పొయ్యి దగ్గర, నా ముఖం చూడకుండా అడిగింది.

"నీ బస్సు ఏ యాళ్లకొస్తది?"

నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తవెందుకు? మబ్బుల, కోడి కూయంగనే లేచి కడుపునిండ పాలిచ్చి పో. తర్వాత నేను లేనా?"

ఆ కొలువుతోనే మా ఇల్లు నిలబడింది, నా కూతురు చదువుకుంది. ఇప్పటికీ ఎక్కడ కుందేలు కనబడినా దండం పెట్టాలనిపిస్తుంది. మా అత్తకు ఈ మాట ఎప్పుడు చెప్పబోయినా "సాల్తియ్, పొయ్యిల కట్టె ఎగదొయ్" అనేది.

కొలువులో చేరిన రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. పాలు చేపి రవిక తడిసిపోయింది. మా అత్త మనుమరాలిని ఎత్తుకుని గడపలోనే నిలబడి ఉంది. నేను నోరు తెరవక ముందే పిల్ల అంగీ పైకెత్తి పొట్ట చూపించింది.

"సూస్కో," అంది, "నిండనే ఉన్నది."