టీచర్‌గారి గుప్పిట్లో తాళ్లు

వానకు తడిసిన నైలాన్ తాడుకు ఒక వాసన ఉంటుంది. ఈ సాయంత్రం వట్లూరులో మా మేడ మీద బట్టలు తీస్తుంటే ఆ వాసన తగిలి, చేతిలో పాప గౌనుతో అలాగే నిలబడిపోయాను. పాపకు ఆరేళ్లు. రేపు బడివాళ్లు పిల్లల్ని కొల్లేటికి పక్షుల్ని చూపించడానికి తీసుకెళ్తున్నారు. పంపిస్తానో లేదో నేనింకా చెప్పలేదు. నీళ్లంటే నాకు భయం. నీళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి మరీ భయం. మా పాప ఇంతవరకూ చెరువు గట్టు ఎక్కి ఎరగదు. నేను ఎక్కనివ్వలేదు.

ఆకివీడు దగ్గర మా ఊళ్లో ఎటు చూసినా చేపల చెరువులే. బడికి రెండు గదులూ, చిన్న వాకిలీ తప్ప ఏమీ ఉండేది కాదు. నాలుగో తరగతి చెప్పిన సత్యవతి టీచర్‌గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలని మనిషిలా కనిపించేవారు. గ్రహాల పాఠం వచ్చినప్పుడు పుస్తకాలు మూయించి మమ్మల్ని చెరువుల మధ్య గట్టు మీదకు తీసుకెళ్లారు. భూమికి మిరియం, గురుడికి నిమ్మకాయ, ఇలా ఎవరి గ్రహం వాళ్ల చేతిలో పెట్టారు. పాత వలల నుంచి విప్పిన తాళ్లు మా నడుములకు కట్టి, రెండో కొసలన్నీ తన గుప్పిట్లో పట్టుకున్నారు.

“నేనే సూర్యుణ్ణి,” అన్నారు.

“సూర్యుడికి కళ్లజోడేంటండీ టీచర్!” అన్నాడు నిమ్మకాయ పట్టుకున్నవాడు.

“మీ అల్లరి చూసి చూసి చూపు మందగించిందిరా.”

నాకు ఉసిరికాయ ఇచ్చి నెప్ట్యూన్‌ని చేశారు. అందరికంటే పొడవైన తాడు నాదే. నడిచి నడిచి వెనక్కి తిరిగితే టీచర్‌గారి ముఖం ఆనవాలు కూడా తెలియలేదు. రెండు పక్కలా ఆకుపచ్చటి నీళ్లు. ఏడుపొచ్చేసింది.

“నాకిక్కడ ఎండ రాదండీ, వచ్చేస్తానండీ!” అని అరిచాను.

“తాడు లాగి చూడమ్మా. నేనున్నానో లేదో తెలుస్తుంది!”

లాగాను. అటునుంచి ఆవిడ మెల్లగా లాగారు. అది నడుముకు తగిలాక ఏడుపు ఆగింది. సూర్యుడు గ్రహాల్ని ఎలా పట్టి ఉంచుతాడో తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను గానీ, నాకు తెలిసింది మాత్రం ఆ గట్టు మీదే.

మర్నాడు మా నాన్న బడికి వచ్చారు. “ఏవండీ టీచర్‌గారూ, పాఠం కోసం పిల్లల్ని గట్టెక్కించడమేంటండీ? అందులోనూ మీరు...” అని ఆగిపోయారు. ఆగిన మాట ఇంటికెళ్లాక అమ్మ చెప్పింది. మేం బడిలో చేరకముందే టీచర్‌గారి ఒక్కగానొక్క కొడుకు ఆ గట్టు పక్క చెరువులోనే మునిగి పోయాడట. అయినా ఆవిడ గట్టు పాఠం మానలేదు. తాళ్లు కట్టేముందు ప్రతిసారీ, “అంచు గట్టిగా కనిపిస్తుంది, లోపల మెత్తన. మడమతో నొక్కి చూసి గానీ అడుగెయ్యకండి,” అనేవారు. అదీ గ్రహాల పాఠమే అనుకునేవాళ్లం.

ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. “ఊరంతా అన్నన్ని మాటలన్నా ఎందుకు తీసుకెళ్లేవారండీ?” అని అడిగాను.

“మావాణ్ణి గడప దాటనిచ్చేదాన్ని కాదమ్మా. నీలాగే నాకూ నీళ్లంటే భయం. ఒకరోజు నా కళ్లు కప్పి వెళ్లాడు. గట్టు అంచు ఎలా ఉంటుందో వాడికి తెలియదు. నేనే తెలియనివ్వలేదు.”

ఇంతలో చింతలపూడి బస్సు వచ్చింది. ఆవిడ నా చెయ్యి ఒకసారి పట్టుకుని, వదిలి, ఎక్కేశారు. నిరుడు పోయారని ఎవరో చెబితే తెలిసింది.

ఈ సాయంత్రం ఆ తడి తాడే విప్పి పాప నడుముకు కట్టాను. ఉసిరికాయ లేక ద్రాక్షపండు ఇచ్చి, నువ్వు నెప్ట్యూన్‌వి అన్నాను. అది నవ్వుకుంటూ నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి కనిపించకుండా పోయింది.

“అమ్మా, ఉన్నావా?” తాడు కదిలింది. నేనూ లాగాను.

“అంత గట్టిగా లాగకమ్మా, పడిపోతాను!”

కిందికొచ్చి వాళ్ల టీచరుకు ఫోన్ చేసి, పంపిస్తానండీ అన్నాను. అప్పటినుంచీ మనసు కుదురుగా లేదు. పాప పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. రేపు దాని నడుముకు ఏ తాడూ ఉండదు. మడమతో నొక్కి చూడమని చెప్పాను, తిరిగి దాని నోటితో చెప్పించుకున్నాను. అది నిద్రపోయింది. నా గుప్పిట మాత్రం ఇంకా మూసుకునే ఉంది.