గొంతు పెరిగితే

కుక్కల మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ బిస్కెట్ ముక్కలుంటాయి కనక చీమలు కూడా ఆయన శిష్యులే. పొద్దున్నే పార్కులో కుక్కలకు కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పుతాడు. అది యజమానులు అడిగిన చదువు. అడగనిది చాటుగా ఇంకొకటి నేర్పుతాడు: ఎవరైనా గొంతు పెంచితే చచ్చినట్టు వెల్లకిలా పడిపోవడం. ఆ రోజు ఓ మేనేజరు తన కుక్కను లాక్కుంటూ వచ్చాడు. "ఏంటయ్యా ఇది? చుట్టాల ముందు కూర్చోమంటే కాళ్లు పైకెత్తి పడుకుంది! మా ఆవిడైతే ఒకటే నవ్వు!" అని అరిచేసరికి కుక్క మళ్లీ దబ్బున పడింది. "ఉత్త క్రమశిక్షణైతే నౌకరు తయారవుతాడు సార్. ఇంటి మనిషి కావాలంటే నాలుగు వేషాలు కూడా రావాలి. కాస్త మెల్లగా చెప్పి చూడండి," అన్నాడు మాస్టారు. మేనేజరు పళ్లు బిగించి, "కూర్చో నాన్నా," అన్నాడు. కుక్క లేచి బుద్ధిగా కూర్చుంది.

మాస్టారు ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. "పాలు తెమ్మంటే ఉత్త చేతులతో వచ్చారా?" అని గొంతు పెంచింది. మాస్టారు చెప్పులైనా విప్పకుండా నేలమీద వెల్లకిలా పడి, కాళ్లూ చేతులూ పైకెత్తాడు. ఆవిడ నవ్వాపుకోలేక, వంగి, ఆయన జేబులోంచే ఓ బిస్కెట్ ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.